పెరగలేదంటే లేనట్టేనా? ఆయింట్‌మెంట్లలో బ్యాక్టీరియాను వెతకడం ఎందుకంత చిక్కు

చర్మానికి రాసుకునే ఫలానా క్రీములో సూక్ష్మజీవులు బయటపడ్డాయని, ఆ బ్యాచ్‌లను తయారీదారు వెనక్కి తెప్పిస్తున్నారని అప్పుడప్పుడు వార్త వస్తుంది. చదివినవారికి రెండు సందేహాలు కలుగుతాయి. మూత బిగించి సీలు వేసిన ట్యూబులోకి బ్యాక్టీరియా ఎలా దూరింది? పోనీ దూరిందే అనుకుందాం, అమ్మకానికి పంపే ముందు పరీక్ష చేసి ఉంటారు కదా, అప్పుడు ఎందుకు దొరకలేదు?

మొదటి ప్రశ్నకు జవాబు సులువే. నీటితోనో, ముడిపదార్థాలతోనో, పనిచేసేవారి చేతులతోనో, సరిగా కడగని యంత్రాలతోనో వస్తుంది. రెండో ప్రశ్న అంత తేలికగా తెగదు. ప్రయోగశాల నివేదికలో "లేదు" అని రాసిన మాటకు నిజమైన అర్థం "మేము వెతికిన చోట, మేము వెతికిన పద్ధతిలో, పెరగలేదు" అని మాత్రమే. ఈ రెండు మాటల నడుమ ఎంత దూరం ఉందో చూడాలంటే ట్యూబులో ఏముంటుందన్న దగ్గర మొదలుపెట్టాలి.

నీరు ఎంత ఉందన్నదే మొదటి తేడా

వాడుకలో అన్నిటినీ ఆయింట్‌మెంటు అనేస్తాం గానీ ఆయింట్‌మెంటు వేరు, క్రీము వేరు. పెట్రోలియం జెల్లీ, మైనం, నూనె వంటి జిడ్డు పదార్థంలో మందు కలిపితే ఆయింట్‌మెంటు. అందులో నీరు దాదాపు ఉండదు. నూనెనూ నీటినీ విడిపోకుండా బాగా చిలికి కలిపితే క్రీము. చాలా క్రీముల్లో నీటిదే పెద్ద వాటా.

బ్యాక్టీరియాకు కావలసింది నీరు, అది కూడా తన చేతికి అందే నీరు. ఉప్పులోనో చక్కెరలోనో బంధించబడిన నీరు దానికి పనికిరాదు. ఇలా అందుబాటులో ఉన్న నీటిని 0 నుంచి 1 వరకు ఒక కొలమానం మీద లెక్కిస్తారు. స్వచ్ఛమైన నీటి విలువ 1. క్రీము విలువ సుమారు 0.97, ఆయింట్‌మెంటు విలువ సుమారు 0.55 ఉంటుంది. సూడోమోనాస్ ఎరుగినోసా అనే బ్యాక్టీరియా పెరగాలంటే 0.97 దాకా కావాలి. స్టాఫిలోకోకస్ ఆరియస్ 0.86తో సర్దుకుంటుంది. కొన్ని బూజులు 0.77 దగ్గర కూడా పెరుగుతాయి. 0.60 కంటే దిగువన ఏ సూక్ష్మజీవీ పెరగదు.

అయితే ఆయింట్‌మెంటును పరీక్షించడం దండగేనా? కాదు. పెరగకపోవడం వేరు, చావడం వేరు. జిడ్డులో చిక్కుకున్న బ్యాక్టీరియా సంఖ్య పెంచుకోలేకపోయినా చాలాకాలం ప్రాణంతో ఉండగలదు. తడిగా ఉన్న పుండు మీదనో కంటిలోనో పడిన క్షణాన దానికి కావలసిన నీరంతా దొరుకుతుంది. 1960లలో స్వీడన్‌లో ఒక కంటి ఆయింట్‌మెంటు వాడినవారికి సూడోమోనాస్ సోకి కళ్లు దెబ్బతిన్నాయి. దాంతోపాటు సాల్మొనెల్లా ఉన్న థైరాయిడ్ మాత్రల వల్ల జనం జబ్బు పడిన ఉదంతం కూడా బయటకు రావడంతో లార్స్ కాలింగ్స్ బృందం అక్కడి మందులలో సూక్ష్మజీవుల స్థితి మీద 1966లో నివేదిక ప్రచురించింది. ఇంజెక్షన్లు కాని మందుల్లోనూ సూక్ష్మజీవులను లెక్కపెట్టాలన్న ఆలోచనకు ఊతమిచ్చిన ఘటనలు ఇవి.

కొంత ఉండవచ్చు, కొన్ని ఉండకూడదు

చర్మానికి రాసే మందులో బ్యాక్టీరియా పూర్తిగా సున్నా కావాలని నిబంధన లేదు. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. మన చర్మం మీద ఎప్పుడూ లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఉంటూనే ఉంటాయి. వాటి నడుమ గ్రాముకు కొన్ని పదుల సాధారణ బ్యాక్టీరియా చేరినంత మాత్రాన ఆరోగ్యవంతమైన చర్మానికి హాని లేదన్నది దీని వెనుక ఉన్న తర్కం.

మందుల ప్రమాణాలను నిర్దేశించే అధికారిక గ్రంథాన్ని ఫార్మకోపియా అంటారు. అమెరికా, యూరప్, జపాన్ ఫార్మకోపియాలు ఈ విషయంలో ఒక మాట మీదికి వచ్చాయి. చర్మానికి వాడే మందులో గ్రాముకు బ్యాక్టీరియా కాలనీలు (పరీక్షలో కంటికి కనిపించేంతగా పెరిగిన చుక్కలు) 100, ఈస్టు-బూజుల కాలనీలు 10 దాటకూడదు. వీటికి తోడు, 1 గ్రాములో స్టాఫిలోకోకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుగినోసా కనిపించకూడదు.

ఆ రెండు పేర్లనే ఎంచుకోవడంలో తెలివి ఉంది. రెండూ చర్మ వ్యాధులు కలిగించేవే, కానీ అంతకు మించిన సంగతి ఒకటుంది. స్టాఫిలోకోకస్ మనుషుల ముక్కులోనూ చర్మం మీదా కాపురం ఉంటుంది, అది దొరికిందంటే చేయి తగిలిందని అనుమానించాలి. సూడోమోనాస్ నీటి జీవి, అది దొరికిందంటే నీటి పైపుల వైపు చూడాలి. ఒక్కో పేరు ఒక్కో తలుపును చూపిస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 100 అని రాసిన చోట ఆమోదించదగిన గరిష్ఠ సంఖ్య 200. 10 అన్న చోట 20. ఇది లొసుగు కాదు. ఒకే నమూనాను ఇద్దరు నిపుణులు ఒకే రోజు లెక్కపెట్టినా కాలనీల సంఖ్య రెట్టింపు దాకా తేడా రావడం ఈ రంగంలో మామూలే. ఆ అనిశ్చితిని ఫార్మకోపియా దాచకుండా నిబంధనలోనే రాసుకుంది.

జిడ్డులోంచి బయటికి లాగడం

పరీక్ష మూలసూత్రం సూటిగా ఉంటుంది. మందును ద్రవంలో కలిపి, ఆ ద్రవాన్ని పోషకాలున్న అగార్ జెల్లీ పళ్లెంలో పోసి, వెచ్చగా ఉంచితే బతికున్న ప్రతి బ్యాక్టీరియా పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. ఆ చుక్కే కాలనీ. చల్లిన గింజలను మొలకలను బట్టి లెక్కించినట్టు, చుక్కలను బట్టి బ్యాక్టీరియాను లెక్కిస్తారు.

పొడి మందైతే ఇది తేలిక. ఆయింట్‌మెంటు నీటిలో కలవదు, ముద్దలా తేలుతుంది. ముద్ద లోపల ఉన్న బ్యాక్టీరియా పళ్లెం దాకా రానే రాదు. అందుకే పాలిసార్బేట్ 80 అనే సబ్బు లాంటి పదార్థాన్ని శుద్ధి చేసి మందుతో కలిపి, 40 డిగ్రీల సెల్సియస్ మించకుండా, తప్పనిసరైతే 45 దాకా, వేడిచేస్తారు. ముందే వెచ్చబరిచిన ద్రవాన్ని చేర్చి పాలలాంటి ఎమల్షన్, అంటే నూనె నీటిలో సన్నని బొట్లుగా చెదిరిన మిశ్రమం, అయ్యేదాకా కలుపుతారు. ఇదంతా వీలైనంత తక్కువ సేపట్లో ముగియాలి. ఎక్కువ వేడి చేస్తే మనం వెతుకుతున్న జీవే చస్తుంది, తక్కువ చేస్తే జిడ్డు కరగదు. రెండో దారి, ఐసోప్రొపైల్ మైరిస్టేట్ అనే నూనెలాంటి ద్రవంలో కరిగించడం. దాన్ని బ్యాక్టీరియా కూడా పోలేనంత సన్నని రంధ్రాల వడపోత పొరగుండా ముందే వడగట్టి శుద్ధి చేస్తారు.

పళ్లేల మీది లెక్క

10 గ్రాముల క్రీమును 90 మిల్లీలీటర్ల ద్రవంలో కలిపామనుకుందాం. ఇది పదింతలు పలచన. ఇందులోంచి ఒక్కో మిల్లీలీటరు చొప్పున రెండు పళ్లేల్లో వేసి, 30 నుంచి 35 డిగ్రీల వద్ద 3 నుంచి 5 రోజులు ఉంచాం. ఒకదానిలో 7, మరొకదానిలో 9 కాలనీలు వచ్చాయి. సగటు 8. పలచన పది రెట్లు కనుక గ్రాముకు 80. పరిమితి లోపలే ఉంది.

ఈస్టు, బూజుల కోసం వేరే రకం అగార్ మీద 20 నుంచి 25 డిగ్రీల వద్ద 5 నుంచి 7 రోజులు ఉంచాం. 1, 2 కాలనీలు వచ్చాయి. సగటు ఒకటిన్నర, అంటే గ్రాముకు 15. పది దాటింది కదా అని కంగారు పడనక్కరలేదు, 20 లోపే ఉంది కనుక ఆమోదమే. కానీ ఇక్కడ ఒక్క చుక్క విలువెంతో గమనించండి. రెండు పళ్లేల్లోనూ కలిపి ఇంకో రెండు చుక్కలు వచ్చి ఉంటే లెక్క 25కు చేరి బ్యాచ్ తిరస్కరణకు గురయ్యేది. ఇంత చిన్న సంఖ్యల మీద ఆధారపడిన తీర్పు కాబట్టే ఈ విలువలను కచ్చితమైన కొలతగా కాక హెచ్చరిక దీపంగా చూడాలని చాలామంది నిపుణులు అంటారు.

ఇంకో మెలిక. ఒక కాలనీ ఒక బ్యాక్టీరియా నుంచే పుట్టిందని చెప్పలేం. స్టాఫిలోకోకస్ కణాలు ద్రాక్ష గుత్తుల్లా అంటుకుని ఉంటాయి. ఇరవై కణాల గుత్తి కూడా పళ్లెం మీద ఒకే చుక్క. నివేదికలో "బ్యాక్టీరియా సంఖ్య" అనకుండా "కాలనీ ఏర్పరచే యూనిట్లు" అని బరువైన పేరు వాడటం అందుకే.

ఖాళీ పళ్లెం అబద్ధం చెప్పగలదు

నా దృష్టిలో ఈ విషయమంతటికీ గుండెకాయ ఇదే. క్రీముల్లో సూక్ష్మజీవులు పెరగకుండా పారాబెన్ల వంటి నిల్వ రసాయనాలు కలుపుతారు. కొన్ని ఆయింట్‌మెంట్లలో అసలు మందే యాంటిబయాటిక్. మందుతో పాటు ఆ రసాయనం కూడా అగార్ పళ్లెంలోకి చేరుతుంది. చేరి బ్యాక్టీరియా పెరుగుదలను అణిచిపెడుతుంది. పళ్లెం ఖాళీగా ఉంటుంది. నమూనాలో బ్యాక్టీరియా లేక ఖాళీగా ఉందా, ఉండీ పెరగలేక ఖాళీగా ఉందా? కంటితో చూసి చెప్పడం అసాధ్యం.

అందుకే మందును పరీక్షించే ముందు పరీక్షనే పరీక్షించాలి. తెలిసిన బ్యాక్టీరియాను 100 యూనిట్లకు మించకుండా కావాలనే మందులో కలిపి, తిరిగి ఎంత దొరుకుతుందో చూస్తారు. ఉదాహరణకు మందు లేని పళ్లెంలో 60 కాలనీలు వచ్చాయనుకుందాం. మందు కలిపిన పళ్లెంలో సగం నుంచి రెట్టింపు మధ్య, అంటే 30 నుంచి 120 మధ్య రావాలి. 12 మాత్రమే వస్తే? మందులోని రసాయనం మిగతా వాటిని నొక్కేసిందని అర్థం. ఆ పద్ధతిలో తీసిన "సున్నా"కు విలువ లేదు.

అప్పుడు రసాయనాన్ని నిర్వీర్యం చేసే పదార్థాలు కలుపుతారు. పారాబెన్లకు పాలిసార్బేట్, లెసిథిన్. అయోడిన్, క్లోరిన్ జాతి రసాయనాలకు సోడియం థయోసల్ఫేట్. లేదా మరింత పలచన చేస్తారు. లేదా 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పొరగుండా వడగట్టి, మందును కడిగేసి, పొర మీద చిక్కిన బ్యాక్టీరియాను పెంచుతారు. ఇప్పుడు 60కి 45 వచ్చాయంటే పద్ధతి పనికొస్తుందన్నమాట.

ఎన్ని చేసినా కొన్ని యాంటిబయాటిక్ ఆయింట్‌మెంట్లలో ఒకటి రెండు జాతుల బ్యాక్టీరియా తిరిగి దొరకదు. అలాంటప్పుడు మందు దానిని చంపుతోందని, కాబట్టి ఆ జాతి అందులో బతికి ఉండే అవకాశం తక్కువని భావించడానికి ఫార్మకోపియా ఒప్పుకుంటుంది. ఇది సహేతుకమే అని కొందరి వాదన, తనంత తాను శుద్ధిచేసుకునే మందును అనుమానించి ఏం లాభం అని. తయారీ స్థలంలో తిరిగే జాతులు పరీక్షలో వాడే ప్రయోగశాల జాతుల్లా మెత్తగా లొంగవు కదా అని మరికొందరి అభ్యంతరం. రెండో పక్షం మాటలో బలముందని నాకనిపిస్తుంది.

పాలిసార్బేట్ గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ప్రయోగశాలలో పారాబెన్లను పనిచేయకుండా చేయడానికి వాడే ఈ పదార్థాన్నే, నూనె-నీరు విడిపోకుండా ఉండటానికి చాలా క్రీముల్లోనూ కలుపుతారు. అంటే ట్యూబులో కూడా అది అదే పని కొంత చేస్తూనే ఉంటుంది! దీనికితోడు పారాబెన్లకు నీటికంటే నూనె మీద మక్కువ. నూనె, నీరు సమానంగా ఉన్న క్రీములో ఒక రసాయనం నీటిలోకంటే నూనెలో నాలుగింతలు కరుగుతుందనుకుంటే, కలిపిన పది భాగాల్లో ఎనిమిది నూనెలోకి పోయి, నీటికి రెండే మిగులుతాయి. బ్యాక్టీరియా ఉండేది ఆ నీటిలోనే.

ఒక గ్రాములో కనిపించలేదు, సరే

స్టాఫిలోకోకస్, సూడోమోనాస్ పరీక్షల్లో లెక్కింపు ఉండదు, ఉందా లేదా అన్నదే తేల్చాలి. గ్రాము మందుకు సమానమైన ద్రవాన్ని పోషక ద్రవంలో వేసి 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. రసాయనాలతో దెబ్బతిని నీరసించిన బ్యాక్టీరియా తేరుకోవడానికి ఈ విరామం అవసరం. తరువాత ఒక చుక్కను ఎంపిక చేసిన అగార్ మీద గీస్తారు. ఉప్పు, మానిటాల్ ఉన్న అగార్ మీద స్టాఫిలోకోకస్ చుట్టూ పసుపు వలయం కడుతుంది. సెట్రిమైడ్ ఉన్న అగార్ మీద మిగతావి చాలావరకు చచ్చి సూడోమోనాస్ నిలుస్తుంది. అనుమానాస్పదంగా ఏది కనిపించినా గుర్తింపు పరీక్షలతో నిర్ధారిస్తారు.

ఇంత పకడ్బందీగా చేసినా చూసింది ఒక్క గ్రామే. 500 కిలోల బ్యాచ్‌లో ప్రతి 10 గ్రాములకు సగటున ఒక సూడోమోనాస్ ఉందనుకోండి. బ్యాచ్ మొత్తంలో 50 వేలు ఉన్నట్టు. అవి సమంగా చెదిరి ఉన్నాయనుకున్నా, యాదృచ్ఛికంగా తీసిన ఒక గ్రాములో ఒక్కటీ ఉండకపోయే అవకాశం 90 శాతం. అంటే ఇలాంటి పది బ్యాచ్‌లలో తొమ్మిది దర్జాగా గట్టెక్కుతాయి. గ్రాముకు ఒకటి చొప్పున ఉన్నా 37 శాతం తప్పించుకుంటాయి. గ్రాముకు మూడు దాకా ఉంటేనే తప్పించుకునే అవకాశం 5 శాతానికి పడిపోతుంది. పైగా బ్యాక్టీరియా సమంగా చెదరదు. గొట్టంలో తడి నిలిచిన చోటు నుంచి వచ్చిన మొదటి కొన్ని ట్యూబుల్లోనే గుమికూడి ఉండవచ్చు.

విడుదల నాటికి పది గ్రాములకు ఒకటిగా ఉన్న సూడోమోనాస్, నిల్వ రసాయనం బలహీనంగా ఉన్న క్రీములో నెలలు గడిచేసరికి అలాగే ఉండిపోదు. బజారులో తీసిన నమూనాలో దొరికింది, తయారీ చోట దొరకలేదు అంటే ఎవరో ఒకరు అబద్ధమాడినట్టే అనుకోనవసరం లేదు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు.

జాబితాలో లేని జీవి

బర్ఖొల్డేరియా సెపేసియా అనే బ్యాక్టీరియా సముదాయం ఈ జాబితా ఆలోచననే ప్రశ్నార్థకం చేసింది. ఇది కూడా నీటి జీవే. కొన్ని నిల్వ రసాయనాలను తట్టుకోవడమే కాదు, వాటినే ఆహారంగా వాడుకోగల జాతులు ఇందులో ఉన్నాయి. ఆరోగ్యవంతులకు పెద్దగా హాని చేయదు గానీ సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కని కఫం పేరుకునే జన్యు వ్యాధి) ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ప్రాణాంతకం కాగలదు. నీటి ఆధారిత మందుల్లో పదేపదే బయటపడటంతో దీని కోసం అమెరికా ఫార్మకోపియా ప్రత్యేక పరీక్షను తెచ్చింది. అది 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చింది.

పేర్ల జాబితా పెట్టడం తప్పా? జాబితా ఉంటే అందరూ ఒకే గీత మీద నడుస్తారు, వివాదాలు తగ్గుతాయి. కానీ జాబితాలో లేనిది దొరికినప్పుడు "మమ్మల్ని అడగలేదు కదా" అనే అవకాశమూ వస్తుంది. పళ్లెం మీద దొరికిన అసాధారణ జీవి ఎవరో, ఆ మందు ఎక్కడ, ఎవరికి వాడతారో చూసి నిర్ణయించాలని ఫార్మకోపియాలు కూడా చెబుతాయి.

కంటికి వేసేదైతే లెక్క వేరు

కంటి ఆయింట్‌మెంట్లు పూర్తిగా స్టెరైల్‌గా, అంటే బతికున్న సూక్ష్మజీవి ఒక్కటీ లేకుండా, ఉండాలి, వాటిలో గ్రాముకు ఇన్ని అన్న మాటే లేదు. వీటిని రెండు రకాల పోషక ద్రవాల్లో 14 రోజులు ఉంచి చూస్తారు. పెద్ద బ్యాచ్ అయినా సాధారణంగా పది ట్యూబులే పరీక్షకు వస్తాయి. నూరింటిలో ఒక ట్యూబు కలుషితమైన బ్యాచ్ ఈ పరీక్షను నెగ్గే అవకాశం ఎంతో తెలుసా? మళ్లీ 90 శాతమే.

2023లో అమెరికాలో కృత్రిమ కన్నీటి చుక్కల వల్ల మందులకు లొంగని సూడోమోనాస్ 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. 14 మందికి చూపు పోయింది, నలుగురు మరణించారు. నిల్వ రసాయనం కలపకుండానే పలుమార్లు వాడే సీసాలో వచ్చిన మందు అది. అదే తయారీదారు కంటి ఆయింట్‌మెంటును కూడా వెనక్కి తెప్పించారు.

నిల్వ రసాయనాల మీద నడిచే వాదనకు ఈ ఘటన సూటిగా తగులుతుంది. పారాబెన్లు హార్మోన్ల మీద ప్రభావం చూపవచ్చన్న ఆందోళనతోనూ, అలర్జీల వల్లా వాటిని తగ్గించాలని ఒక వర్గం కోరుతుంది. ఆ ఆందోళనను కొట్టిపారేయలేం. కానీ వేలు ముంచి తీసే డబ్బాలో అవి లేకపోతే ఆ ఖాళీని పూరించేది బ్యాక్టీరియానే. మధ్యేమార్గంగా ఒకసారి వాడి పారేసే పొట్లాలు, గాలి వెనక్కి పోని పంపు డబ్బాలు వచ్చాయి.

నిల్వ రసాయనం సరిపోతుందో లేదో తేల్చే పరీక్షలో క్రీములోకి మిల్లీలీటరుకు లక్ష నుంచి పది లక్షల బ్యాక్టీరియాను వేసి ఎంత వేగంగా తగ్గుతాయో చూస్తారు. అమెరికా ప్రమాణం ప్రకారం చర్మపు మందులో 14 రోజుల్లో నూరోవంతుకు తగ్గితే చాలు. యూరప్‌లోని కఠిన ప్రమాణం అదే తగ్గుదల 2 రోజుల్లో, వెయ్యోవంతుకు 7 రోజుల్లో కావాలంటుంది. ఒకే క్రీము ఒకచోట నెగ్గి మరోచోట ఓడవచ్చు.

పళ్లేలా, పైపులా?

ఐదారు రోజులు ఎదురుచూసే పద్ధతులకు బదులు కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు సాయంతో పుట్టే వెలుగును కొలిచే పరీక్షలు, డీఎన్ఏను గుర్తించే పీసీఆర్ వచ్చాయి. వేగం వీటి బలం. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏను కూడా పీసీఆర్ పట్టుకోవడం, క్రీములోని పదార్థాలు ఆ చర్యకు అడ్డుపడటం వీటి బలహీనతలు. మొలకెత్తితేనే లెక్కపెట్టే పాత పద్ధతి బతికున్నా మొలకెత్తని వాటిని వదిలేస్తుంది. కొత్త పద్ధతి చచ్చిన గింజలను కూడా లెక్కలో వేయగలదు.

చివరి ట్యూబును ఎంత బాగా పరీక్షించినా ఒక గ్రాము దగ్గరే ఆగిపోతామన్న లెక్క వల్ల, ఇప్పుడు చాలామంది దృష్టి తయారీ గది మీదికి మళ్లింది. శుద్ధి చేసిన నీటిలో మిల్లీలీటరుకు 100 కాలనీలు దాటకూడదన్నది విస్తృతంగా పాటించే హద్దు. ఆ నీటిని రోజూ, ప్రతి కుళాయి దగ్గరా పరీక్షిస్తే వచ్చే సమాచారం బ్యాచ్‌కొక పళ్లెం ఇచ్చే దానికంటే ఎంతో ఎక్కువ. అయినా చివరి పరీక్షను ఎవరూ మానెయ్యమనరు. పైపు లోపలి గోడకు జిగటగా అంటుకున్న బ్యాక్టీరియా పొర నెలల తరబడి కుళాయి నమూనాలో ఒక్కటీ వదలకుండా ఉండి, ఒకరోజు పెళ్లలా ఊడి నీటితో వస్తుంది. ఆ రోజు తీసిన క్రీము నమూనాలో అది పడితే పడుతుంది, లేకపోతే లేదు.